ఆదివారం దర్బారు

మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నాలకు ముందు దర్బారు జరిగేది. తిరువూరులో, రెండు గదుల డాబా ఇంటి వరండాలో దర్బారేంటని నేను పాఠాలు చెప్పే స్కూల్లో తోటి టీచర్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నాన్న పోయి రెండేళ్ళయింది కానీ, ఆదివారం పన్నెండున్నర అయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే వరండాలోకి నడుస్తాయి.

నాన్న పేరు లాజరు. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా రిటైరయ్యాడు. అక్కడ నెలకోసారి కమాండింగ్ ఆఫీసరు అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, మాట్లాడాల్సింది మాట్లాడి, చివర్లో "ఎవరికైనా కంప్లైంటు ఉందా?" అని అడుగుతాడట. దాన్నే దర్బారంటారు. నాన్నకు అది ఎంత నచ్చిందో గానీ, రిటైరై వస్తూ ట్రంకు పెట్టెతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఆకుపచ్చ క్యాన్వాసు మడత కుర్చీ వేసుకుని వరండా మధ్యలో కూర్చునేవాడు. ఎదురుగా అమ్మ, అన్నయ్య ఏబెల్, నేను వరసగా నిలబడేవాళ్ళం.

"ఎవరికైనా కంప్లైంటు ఉందా?"

"లేదు సార్," అనేవాళ్ళం నేనూ అన్నయ్యా. దర్బారులో నాన్నా అని పిలవకూడదు. అమ్మ మాత్రం "లేదండి" అనేసి, కూర అడుగంటుతుందని లోపలికి వెళ్ళిపోయేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి మాత్రం "ఉంది సార్" అన్నాను. నాన్న ఎంతో మర్యాదగా ముందుకు వంగి, ఎవరి మీద అని అడిగాడు. నాన్న మీద అని చెప్పాను. లెక్కల్లో తప్పానని చర్చి దగ్గర అందరి ముందూ తిట్టాడని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆలోచించాడు. "విచారించాం. నాన్న సరిగ్గానే తిట్టాడు. కేసు క్లోజ్" అన్నాడు.

వంటింట్లో ఏడుస్తుంటే అమ్మ నా ముక్కు తుడిచింది. "పిచ్చిమొహమా, ఎవరి మీద చెబుతున్నావో వాళ్ళకే చెబుతారా?" అంది. నేను మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆ దర్బారంటే మాకు ఇష్టంగానే ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, వారానికోసారి ఒక మనిషి మన కష్టం అడగడానికే కూర్చుంటే ఎవరికి ఇష్టం ఉండదు.

నాన్నకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. విస్సన్నపేట వెళ్ళేవాడు కాదు. బెజవాడ వెళ్ళాలన్నా, బస్సు అటు తిరిగి పోతుందంటే దిగి ఇంకోటి ఎక్కేవాడు. ఊరంతా ఆవకాయకు కాయలు అక్కడి నుంచే తెచ్చుకుంటుంటే మేము మాత్రం ఇక్కడి బజార్లోనే కొనాలి. "ఆ ఊళ్ళో ఎవరినో చేసుకుంటానని మాటిచ్చి ఎగ్గొట్టి ఉంటారు" అని అమ్మ ఏడిపించేది. "బస్సులు రష్షు" అనేవాడు నాన్న.

అన్నయ్య కూడా సైన్యంలోనే చేరాడు. నేను చెప్పేది మూడేళ్ళ కిందటి... కాదు, ఇప్పటికి నాలుగో వేసవి. ఏప్రిల్‌లో, మాకు ఒంటిపూట బడులు నడుస్తుండగా, స్కూలు అడ్రసుకు నా పేరున ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల ఆరు పేజీల ఇంగ్లీషు ఫిర్యాదు, నాకొక చిన్న చీటీ. "షైనీ, ఇది హైదరాబాద్‌లో కరుణశ్రీ అనే లాయరమ్మకు ఇవ్వు. సైన్యానికి సంబంధం లేకుండా మా ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ ఒకటుంది. ఆవిడ అక్కడ వేస్తుంది. నాన్నకు చెప్పొద్దు. చెబితే సరిచేస్తాడు."

సంగతేంటంటే, ఒక లారీకి బ్రేకులు బాగాలేవని అన్నయ్య రాసిచ్చాడు. అయినా బయల్దేరాల్సిందేనని అతని కమాండింగ్ ఆఫీసరు, ఒక కర్నలు, ఆర్డరు వేశాడు. కొండ దిగుతుండగా లారీ బోల్తా పడింది. డ్రైవరు ఒరిస్సా కుర్రాడికి ఒక కాలు పోయింది. విచారణలో తప్పంతా డ్రైవరుదేనని తేల్చారు. అలా తేలితే అతనికి వికలాంగుల పెన్షను రాదు. అన్నయ్య సాక్ష్యంలో బ్రేకుల మాటున్న పేజీ ఫైల్లోంచి మాయమైంది. దాని మీద అన్నయ్య రెండుసార్లు ఫిర్యాదు ఇచ్చాడు. ఏ ఫిర్యాదైనా కర్నలు చేతి మీదుగానే పైకి వెళ్ళాలి. రెండుసార్లూ అది అక్కడే ఆగిపోయింది.

చీటీ చదివి కూడా నేను చేసిన పని ఇప్పటికీ నన్ను కుడుతుంది. కవరు తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను. తిరువూరు చుట్టుపక్కల మాజీ సైనికులకు, పెనుగొలను నుంచి వచ్చే సైనికుల భార్యలకు అర్జీలు రాసిపెట్టేది నాన్నే. ఇంగ్లీషులో తప్పులుంటే చూస్తాడులే అనుకున్నాను. అంతకంటే నిజం, మా ఇంట్లో నాన్న చూడకుండా ఒక కాగితం బయటికి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న మూడుసార్లు చదివాడు. ఆయన మొహం ఎర్రబడింది, కర్నలు మీద కాదు.

"లాయరేంటమ్మా? ఇంట్లో గొడవైతే పోలీస్ స్టేషనుకు పోతామా? సైన్యంలో దేనికైనా ప్రాపర్ చానలుంటుంది."

"అన్నయ్య రెండుసార్లు ఇచ్చాడంట నాన్నా."

"ఇచ్చే పద్ధతిలో ఇచ్చి ఉండడు."

రెండు రోజులు వరండాలో కూర్చుని మళ్ళీ రాశాడు. 'ఉద్దేశపూర్వకంగా' అన్నచోట 'పొరపాటున' అని మార్చాడు. పైన తన పేరుతో ఒక ఉత్తరం పెట్టాడు, పాత సైనికుడిగా తమ న్యాయబుద్ధి మీద పూర్తి నమ్మకం ఉందని. అంతా కర్నలు పేరుకే రిజిస్టర్ పోస్టు చేశాడు, అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చేలాగా. పోస్టాఫీసులో కవరుకు జిగురు రాసింది నేనే.

మే మొదటి వారంలో ఆ కార్డు తిరిగి వచ్చింది. దాని మీద యూనిట్ స్టాంపు, సంతకం, ఏప్రిల్ ఇరవై తొమ్మిది తేదీ ఉన్నాయి. నాన్న దాన్ని ఆ ఆదివారం దర్బారులో మా అందరికీ చూపించి, ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "చూశారా? సైన్యంలో కాగితం పోదు" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం చూసి నా భయం కూడా తగ్గింది.

మే మధ్యలో ఫోను వచ్చింది. అమ్మ వరండాలో మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. అన్నయ్య ఎవరి ఫోను నుంచో మాట్లాడుతున్నాడు, గొంతు బొంగురుగా ఉంది.

"పద్నాలుగు రోజులు లోపలేశారే. నిన్ననే వదిలారు. మే రెండో తారీకున శిక్ష రాశారు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఎక్కించారు."

"ఏం చేశావని?"

"పై అధికారి ముందు అమర్యాదగా ప్రవర్తించానంట. అది సరే, ఆ కాగితాలు లాయరమ్మకిచ్చావా?"

నేను ఫోను పట్టుకుని గదిలోకి నడిచాను.

"నాన్నకిచ్చావు," అన్నాడు. "ఏం చేశాడు?"

"కర్నలు గారికి పంపాడు."

అన్నయ్య చిన్నగా నవ్వాడు. "రిజిస్టర్ పోస్టా?"

"ఊఁ."

"నాన్న నాన్నేనే," అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఏడ్చాను.

ఆ సాయంత్రమే నేను లాయరు కరుణశ్రీ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ ఆ కార్డు మీద తేదీ మళ్ళీ చదివించుకుంది. "మీవాడు శిక్ష పడ్డాకే కక్షతో ఆరోపణలు మొదలుపెట్టాడని వాళ్ళంటారమ్మా. శిక్షకు మూడు రోజుల ముందే ఫిర్యాదు వాళ్ళకు అందిందని ఆ కార్డు చెబుతుంది. అసలు కార్డు కావాలి. పంపినాయన ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. ఆ రెండూ లేకపోతే నేను చేయగలిగింది తక్కువే."

నాన్న ఒప్పుకోలేదు.

"నేను సైన్యం మీద కోర్టుకెక్కను. మనం తిన్న అన్నం వాళ్ళు పెట్టింది. నీ చదువు వాళ్ళిచ్చిన పెన్షను."

ట్రంకు తాళం చెవి ఆయన మొలతాడుకు ఉండేది. పదిహేను రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆయనా సరిగ్గా తినలేదు. అన్నయ్య ఫొటో ఉన్న గోడ వైపు కూర్చోకుండా కుర్చీ తిప్పేసుకునేవాడు. ఆయన మీద నాకు కోపం, జాలి రెండూ ఉండేవి. కోపమే ఎక్కువ ఉండేది.

జూన్ మొదటి ఆదివారం. చర్చి నుంచి వచ్చాం. నాన్న అలవాటు ప్రకారం కుర్చీ వేసుకున్నాడు. ఎదురుగా మేమిద్దరమే నిలబడ్డాం.

"ఎవరికైనా కంప్లైంటు ఉందా?"

"ఉందండి," అంది అమ్మ.

ముప్పై ఏళ్ళ కాపురంలో అమ్మ నోట ఆ మాట రావడం అదే మొదలు. నాన్న సర్దుకుని కూర్చున్నాడు. "చెప్పు ప్రేమా."

"మీకు చెప్పనండి. మీ మీదే కదా. ఇంకొకళ్ళు వినాలి," అని అమ్మ వీధిలోకి చూసింది.

ఎదురింటి సరోజినీదేవి గారు గేటు తీసుకుని వస్తున్నారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, నాకూ అన్నయ్యకూ చదువు చెప్పినావిడ. అంతకు మూడేళ్ళ ముందు మా మెట్టు కాలువ మీదికి వచ్చిందని మునిసిపాలిటీకి కంప్లైంటు ఇచ్చి పగలగొట్టించారు. నాతో ఒక్క మాట అనకుండా పైకి ఎలా ఇస్తుందని నాన్న, మీతో అంటే వినేవారా అని ఆవిడ, అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఈవిడా?" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"మన చర్చి వాళ్ళనెవరినైనా పిలిస్తే మీ మొహం చూసి మాట్లాడతారు. మా అన్నయ్యల్ని పిలిస్తే నా మొహం చూసి మాట్లాడతారు. ఆవిడకు మీరంటే మొహమాటం లేదు, నేను చుట్టమూ కాదు. లేవండి, కుర్చీ ఆవిడకివ్వండి."

నాన్న లేస్తాడనుకోలేదు. లేచాడు. సరోజినీదేవి గారు కుర్చీని ఒకసారి చీర కొంగుతో దులిపి కూర్చున్నారు. అమ్మ చెప్పింది. కొడుకు బయటికి పంపమన్న కాగితాన్ని ఈయన లోపలికి పంపాడని, తనను ఒక మాటైనా అడగలేదని, ఇప్పుడు వాడిని బయటపడేసే కార్డును పెట్టెలో పెట్టుకున్నాడని.

సరోజినీదేవి గారు నాన్న వైపు తిరిగారు. "సుబేదారు గారూ, ఆ ఫిర్యాదు ఎవరి మీద?"

"వాళ్ళ కర్నలు గారి మీదండి."

"మీరు ఎవరికి పంపారు?"

"ప్రాపర్ చానల్లో పంపానండి."

"చానలు కాదు, ఎవరికి పంపారని అడుగుతున్నాను."

నాన్న నేల వైపు చూశాడు. పగలగొట్టిన మెట్టు వైపు చూశాడు. "ఆయనకేనండి," అన్నాడు.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాన్న చొక్కా ఎత్తి, మొలతాడు నుంచి తాళం చెవి విప్పి, వరండా గోడ మీద పెట్టాడు. "అన్నం వడ్డించు, ఆకలేస్తోంది," అన్నాడు అమ్మతో. ఆ రోజు సరోజినీదేవి గారు కూడా మా ఇంట్లోనే తిన్నారు. కొత్తావకాయలో ఉప్పు చాలలేదన్నారు.

కరుణశ్రీ గారు కేసు అర్జెంటుగా వేశారు. జూన్ మూడో వారంలో నేనూ నాన్నా హైదరాబాద్ వెళ్ళాం. నాన్న ఆ ఎండలో కోటు వేసుకుని, మెడల్స్ పెట్టుకుని, షూస్ పాలిష్ చేసుకుని వచ్చాడు. తనను పిలిచి అడుగుతారని దారంతా ఇంగ్లీషులో మాటలు గుణించుకున్నాడు. పైన ఇద్దరు కూర్చున్నారు, ఒకాయన రిటైర్డ్ జడ్జి, ఇంకొకాయన రిటైర్డ్ జనరల్. జనరల్ లోపలికి రాగానే నాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు. అందరూ కూర్చున్నా కూర్చోలేదు. నేను కోటు పట్టుకుని లాగాల్సి వచ్చింది.

మా కేసు పది నిమిషాలు కూడా పట్టలేదు. కరుణశ్రీ గారు కార్డు ఇచ్చారు. జడ్జి చూసి జనరల్‌కిచ్చారు. జనరల్ కళ్ళద్దాలు పెట్టుకుని తేదీ చూసి, అవతలి లాయర్ని, "ఇది మీ యూనిట్ స్టాంపేనా?" అని అడిగారు. అవునని చెప్పడానికి ఆ లాయరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. విచారణ తేలేదాకా ఆ ఎర్ర సిరా రాతను లెక్కలోకి తీసుకోకూడదన్నారు. వేరే స్టేషను నుంచి వచ్చే అధికారులు లారీ సంగతి మొదటి నుంచీ విచారించాలన్నారు. నాన్నను ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

తిరుగు బస్సులో ఖమ్మం దాటాం. తర్వాత, "ఆ జనరల్ గారు నావైపు చూశారా?" అని అడిగాడు.

చూడలేదు. "చూశారు నాన్నా," అన్నాను. నా జీవితంలో ఆయనకు చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ విచారణ తేలడానికి ఏడాదిన్నర పట్టింది. బ్రేకుల మాట రికార్డుకెక్కింది. ఒరిస్సా కుర్రాడికి పెన్షను వచ్చింది, అతను అన్నయ్యకు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. అన్నయ్య సర్వీసులోనే ఉన్నాడు. కానీ ఆ వేసవి అనగానే నాకు ఇవేవీ ముందు గుర్తు రావు. జూన్ చివరి ఆదివారం గుర్తొస్తుంది.

ఆ రోజు ముసురు పట్టింది. నాన్న తనే ఎదురింటికి వెళ్ళి సరోజినీదేవి గారిని పిలుచుకొచ్చాడు. కుర్చీ వేసి ఆవిడను కూర్చోమని, తను వచ్చి అమ్మ పక్కన వరసలో నిలబడ్డాడు. ఆవిడకు నవ్వొచ్చింది. "ఈ వారం ఏమీ లేవుగా?" అన్నారు.

"లేవండి," అంది అమ్మ.

"లేవు మేడమ్," అన్నాను.

"ఉంది మేడమ్," అన్నాడు నాన్న.

చేతులు ప్యాంటు కుట్టుకు ఆనించి, ఎదురుగోడ చూస్తూ చెప్పాడు.

"తొంభై ఎనిమిదిలో మేడమ్. దర్బారు. హాల్లో ఐదొందల మంది ఉన్నాం. కమాండింగ్ ఆఫీసరు గారు కంప్లైంట్లున్నాయా అని అడిగారు. నా ముందు వరసలో నవీన్ కుమార్ అని మన వైపు కుర్రాడు లేవబోయాడు. తల్లికి సీరియస్, ఆఫీసులో ఒకడు సెలవు కాగితం పైకి పోకుండా తొక్కిపెట్టాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందరి ముందూ చెబితే యూనిట్ పరువు పోతుందని, భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాను. కూర్చున్నాడు. వాడు ఊరు చేరేసరికి తల్లి కార్యక్రమం కూడా అయిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. రెండేళ్ళకు మానేసి వెళ్ళిపోయాడు. నాకు ఆ ఏడే ప్రమోషనొచ్చింది."

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. దర్బారని ఆగాను.

"ఎవరి మీద రాసుకోమంటారు?" అన్నారు సరోజినీదేవి గారు నెమ్మదిగా.

"సుబేదార్ లాజరు మీద రాసుకోండి మేడమ్."

"ఆ నవీన్ కుమార్ ఇప్పుడెక్కడున్నాడు?"

"విస్సన్నపేటలోనండి. తోటలు కౌలుకు చేస్తాడని విన్నాను."

అమ్మ చటుక్కున నాన్న మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళు ఏడిపించినందుకేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే నాకెందుకు చెబుతారు? ఆయనకు చెప్పండి," అన్నారు సరోజినీదేవి గారు. "రేపు పొద్దున బస్సెన్నింటికి?"

నాన్న సోమవారం ఏడున్నర బస్సుకు వెళ్ళాడు. మెడల్స్ పెట్టుకోలేదు, ఇంట్లో చొక్కాతోనే వెళ్ళాడు. నేనొస్తానంటే వద్దన్నాడు. నాలుగింటికి గేటు చప్పుడైంది. చేతిలో గోనె సంచి, నిండా చివరి కోత కలెక్టరు రకం మామిడికాయలు. అమ్మ ఎదురెళ్ళి సంచి అందుకుంది.

"కొన్నారా, ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఏమన్నాడండీ?"

నాన్న వరండాలో చెప్పులు విడిచి, మడత కుర్చీ అక్కడే ఉన్నా అందులో కూర్చోకుండా, గోడకు చేరబడి కింద కూర్చున్నాడు.

"గుమ్మంలో నిలబడే చెప్పేద్దామనుకున్నాను ప్రేమా. అటెన్షన్‌లో నిలబడ్డాను కూడా. వాడు చెప్పనివ్వలా," అన్నాడు. కుడిచేత్తో తన ఎడమ భుజం తడుముకున్నాడు. "భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు."